నక్ష చెప్పే సాక్ష్యం

గ్రాట్యుటీ సొమ్ముతో యాప్రాల్‌లో స్థలం కొన్న మన సభ్యులకు హద్దుల తగాదా వస్తే గుండె గుభేలుమంటుంది. నిజాం కాలపు సర్వేలో 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిచి టీపన్లు, గ్రామ నక్షలు గీశారు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు పొడవుంటే గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఎకరం.

1872 నాటి సాక్ష్య చట్టం, తప్పని రుజువయ్యేదాకా సర్కారు పటాన్ని సరైనదిగానే భావించమంది. దావా కోసం గీయించిన పటాన్ని మాత్రం రుజువు చేయాలంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఇదే నియమాన్ని నిలిపింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కోర్టు కమిషనర్‌ను పంపి స్థలం పరిశీలింపజేయవచ్చు.

నేను చూసినంతలో పది పేజీల వాంగ్మూలం తేల్చనిది, స్కెచ్‌లో పాత హద్దు మీద ఎర్రసిరాతో గీసిన నేటి ప్రహరీ గీత తేల్చేది. కనుక నక్ష, టీపన్ నకళ్లు దస్తావేజులతోపాటు భద్రపరచండి. పిల్లలకూ చూపించండి.