రైలు పట్టాలూ మనమూ – 5: చెరువు తెగిన కేసు



పోయిన భాగం చదివి ఒక విద్యార్థి అడిగాడు: "మేడమ్, ఆ రోజుల్లో రైలు పనిలో కాలో చెయ్యో పోతే కోర్టుకి వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు. ఏ కోర్టుకి అన్నదే అసలు సంగతి. నేను చదివింది తెలుగు సాహిత్యం, లా కాదు. తప్పుంటే లా విద్యార్థులు దిద్దండి.

ముందు అమెరికా. గాయపడిన కార్మికుడు తన ఊళ్లో రాష్ట్ర కోర్టులో దావా వేసేవాడు. రైలు కంపెనీ "మాది వేరే రాష్ట్రం" అని కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకునేది. అది దూరం, ఖర్చు. 1887లో అలా మార్చాలంటే దావా 2,000 డాలర్లు దాటాలన్నారు. దాంతో కాలు పోయినవాళ్లు కూడా ఆ అంకె దాటకుండా అడిగేవారు. ఊరి కోర్టులో ఉండటానికి నష్టాన్ని తామే తగ్గించుకున్నారు.

ఇక్కడ తంతు తిరగబడింది. మా వన్ టౌన్ మనిషికి జిల్లా కోర్టు బందరులో, హైకోర్టు మద్రాసులో, ఆపైన లండన్‌లో ప్రివీ కౌన్సిల్. అక్కడికి అప్పీలు పోవాలంటే మామూలుగా దావా విలువ కనీసం 10,000 రూపాయలుండాలి. అక్కడ పై కోర్టు పేదవాణ్ణి లాక్కుపోయింది. ఇక్కడ తలుపే తీయలేదు.

ఆ తలుపు తెరిపించుకున్నవాళ్లెవరో చూద్దాం. మద్రాసు రైల్వే కంపెనీ, కార్వేటినగరం జమీందారు. వానలకు జమీందారు చెరువులు తెగి రైలు కట్ట దెబ్బతింది. నీళ్లు నిల్వ చేసినవాడిదే బాధ్యత అని కంపెనీ వాదించింది. 1868లో ఇంగ్లండులో ఖాయమైన సూత్రం అది. కింది కోర్టూ హైకోర్టూ ఒప్పుకోలేదు. కంపెనీ లండన్ వెళ్లి 1874లో అక్కడా ఓడింది. ఈ చెరువులు ఒకడి సొంత లాభానికి కట్టినవి కావు, జనం బతుకు వాటి మీదే ఉంది, వాటిని కాపాడటం జమీందారు విధి, అతని నిర్లక్ష్యం రుజువు కాలేదు. ఇదీ తీర్పు సారం. మంచి తీర్పే. లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు.

కానీ ఈ కేసులో గాయపడింది ఎవరు? రైలు కట్ట. చెరువు కట్టకైనా రైలు కట్టకైనా మట్టి మోసింది ఒడ్డెలు, మాల మాదిగ కూలీలు. తూము దగ్గర నీళ్లు వదిలే నీరుగంటి ఆ సీమలో చాలా ఊళ్లలో దళితుడే. కట్ట తెగేలా ఉన్న రాత్రి ముందు నీళ్లలోకి దిగాల్సింది అతనే. దావాలో పార్టీలు మాత్రం ఇద్దరు: కంపెనీ, జమీందారు.

కూలీకి చట్టం లేదనలేం. ఒకరి తప్పు వల్ల మనిషి చనిపోతే భార్యాపిల్లలూ తల్లిదండ్రులూ పరిహారం అడగొచ్చని 1855లోనే చట్టం చేశారు. అయితే తప్పు ఎవరిదో వాళ్లే రుజువు చేయాలి. అది తోటి కూలీ పొరపాటైతే యజమానికి సంబంధం లేదనేది ఇంగ్లీషు న్యాయం. తప్పు రుజువు చేయకుండానే పరిహారం అడిగే హక్కు 1923 చట్టంతో గానీ రాలేదు. అమల్లోకి వచ్చింది 1924 జులైలో. మన కృష్ణ మీద రైలు వంతెన 1893 నాటిది. లెక్క మీరే కట్టండి.

మీ ఇళ్లలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తాతలుంటే, ట్రంకు పెట్టెలో పాత పరిహారం కాగితాలున్నాయేమో చూడండి. పేర్లు బయట పెట్టను. ఆరో భాగం వాటితోనే రాస్తాను.