తీగ మనది, దారి ఎవరిది?

కౌన్సిల్ మీటింగు ముగిసేసరికి బయట మంచు మోకాటి లోతు పడి ఉంది. బల్ల మీద ఒక్క కాగితం మిగిలింది. ఊరి సొంత కరెంటు సంస్థ కొత్త సబ్‌స్టేషన్ కట్టుకోవడానికి బాండ్లు అమ్ముతోంది. కొనేవాళ్లకు ఊరి తరఫు లాయరుగా నేను రాసివ్వాల్సిన హామీ అది. ఈ బాండ్ల మీద గానీ, ఈ పని మీద గానీ ఏ కోర్టులోనూ దావా లేదు, వేస్తామని ఎవరూ బెదిరించలేదు అని దాని సారాంశం. సంతకం పెట్టాను. గుమాస్తా ముద్ర వేసింది. రెండు నిమిషాల పని.

ఇరవై ఏళ్లకు పైగా మినెసోటాలో చిన్న ఊళ్ల కరెంటు సంస్థలకు లాయరుగా ఉన్నాను. ఈ కాగితం మీద సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు ఎల్బో లేక్ గుర్తొస్తుంది. ఆ ఊరికి ఒకప్పుడు ఈ ఒక్క సంతకం దొరకక ఊపిరాడలేదు.

పోయిన ఎండాకాలం సిరిసిల్ల వచ్చినప్పుడు మా పెద్దమ్మ అడిగింది, "కరెంటోళ్లకు వకీలుతోటి ఏం పని బిడ్డా?" అని. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆమెకు చెప్పాల్సిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో కరెంటు మొదట్లో ఏ ఊరి వ్యవహారం ఆ ఊరిదే. 1880 మార్చి 31 రాత్రి ఇండియానాలోని వాబాష్ అనే చిన్న పట్నం తన కోర్టు భవనం మీద నాలుగు ఆర్క్ దీపాలు వెలిగించుకుంది. పెద్ద కంపెనీలు పెద్ద నగరాల చుట్టూ తిరుగుతుంటే, చిన్న ఊళ్లు మంచినీళ్లకు బావి తవ్వుకున్నట్టే తమ పవర్‌హౌస్‌లు తామే కట్టుకున్నాయి. 1920ల మొదట్లో అలాంటి ఊళ్లు మూడు వేలు దాటాయి.

అప్పటికే చికాగోలో కరెంటు కంపెనీ నడిపే శామ్యూల్ ఇన్సల్ మరో దారి వేశాడు. ఒక ప్రాంతానికి ఒకే కంపెనీ ఉండాలి, దాని రేట్ల మీద రాష్ట్ర ప్రభుత్వం కన్నేసి ఉంచాలి అని అతను 1898లోనే వాదించాడు. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు ఆ పనికి కమిషన్లు పెట్టాయి. కంపెనీ మీద కంపెనీ, దాని మీద ఇంకో కంపెనీ పేర్చుకుంటూ పోయిన హోల్డింగ్ కంపెనీలు ఎన్నో ఊళ్ల పవర్‌హౌస్‌లను కొనేశాయి. 1932లో ఇన్సల్ సామ్రాజ్యం కూలింది. దాని షేర్లు కొన్న మామూలు జనం పొదుపు సొమ్ము దాంతోపాటే పోయింది.

ఆ కాలంలో కరెంటు జనం ఆస్తి కావాలని పట్టుబట్టిన మనిషి జార్జ్ నోరిస్. నెబ్రాస్కాలోని మెకూక్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. మొదట వకీలు, తర్వాత జడ్జి, ఆ తర్వాత సెనేటరు. అలబామాలోని మసిల్ షోల్స్ దగ్గర ప్రభుత్వం కట్టిన డ్యామ్‌ను ప్రైవేటుకు అప్పగించొద్దని ఏళ్ల తరబడి పోరాడాడు. ఆయన బిల్లును 1928లో అధ్యక్షుడు కూలిడ్జ్, 1931లో అధ్యక్షుడు హూవర్ తిప్పికొట్టారు. 1933లో రూజ్‌వెల్ట్ సంతకంతో అదే టెన్నెస్సీ వ్యాలీ అథారిటీ అయింది. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా అదే. అప్పటికి పల్లెల్లో పది రైతు కుటుంబాల్లో తొమ్మిదింటికి దీపం లేదు. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చాక రైతులు సహకార సంఘాలు కట్టుకుని తామే స్తంభాలు నాటించుకున్నారు. నోరిస్ సొంత రాష్ట్రం నెబ్రాస్కాలో ఈనాటికీ ఇంటింటికీ కరెంటు ఇచ్చేవి ప్రజా సంస్థలు, సహకార సంఘాలే. దేశంలో అలాంటి రాష్ట్రం అదొక్కటే.

కానీ 1935లో ఒక లొసుగు మిగిలిపోయింది. ఆ ఏడాది అమెరికన్ పార్లమెంటు కరెంటు కంపెనీల మీద పెద్ద చట్టం చేసింది. పెద్ద లైన్లు ఉన్న కంపెనీ, అడిగినవాళ్లందరి కరెంటునూ కిరాయి తీసుకుని మోసుకుపోవాలనే షరతు బిల్లులో మొదట ఉంది. చర్చల్లో దాన్ని తీసేశారు. రైలు కంపెనీ ఎవరి సరుకైనా మోయాల్సిందే, కరెంటు లైనుకు మాత్రం ఆ బాధ్యత లేదు. మన విద్యుత్ కమిషన్ల భాషలో వీలింగ్ అంటామే, దానికి దారి మూసుకుపోయింది.

ఆ మూసిన తలుపును ఢీకొట్టింది ఎల్బో లేక్. పేరుకు అర్థం మోచేతి చెరువు. మినెసోటా పడమటి వైపున అప్పట్లో పదిహేను వందల జనాభా ఉన్న ఊరు. అక్కడ కరెంటు అమ్మేది ఆటర్ టెయిల్ పవర్ కంపెనీ. మినెసోటా, ఉత్తర దక్షిణ డకోటాలలో దాని ప్రాంతంలో 510 ఊళ్లుంటే 465 ఊళ్లలో ఇంటింటికీ కరెంటు దానిదే. ఊరితో పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఫ్రాంచైజీ ఒప్పందం, గడువు తీరితే కొత్త ఒప్పందం. ఈసారి ఆ ఒప్పందం వద్దు, మన కరెంటు మనమే పంచుకుందాం అనుకున్నారు ఎల్బో లేక్ జనం.

తీగలు, స్తంభాలు సంపాదించుకోవచ్చు. కరెంటు ఎక్కణ్నుంచి తేవాలి? మిస్సోరి నది ప్రాజెక్టుల కరెంటును టోకుగా అమ్మడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సిద్ధంగా ఉంది. సహకార సంఘాలూ సిద్ధమన్నాయి. ఆ కరెంటు ఊరిదాకా రావడానికి ఉన్న లైను మాత్రం ఆటర్ టెయిల్‌దే. కంపెనీ తానూ టోకుగా అమ్మనంది, వేరేవాళ్ల కరెంటును మోయనంది.

ఇంకో పక్క దావాలు మొదలయ్యాయి. సొంత కరెంటు కోసం ప్రయత్నించిన ఊళ్ల మీద కంపెనీ నడిపించిన కేసులు చాలావరకు పై కోర్టుల దాకా వెళ్లాయి, అన్నీ ఓడిపోయాయి. అయినా కంపెనీ పని జరిగిపోయింది. కేసు నడుస్తుంటే ఏ లాయరూ దావా లేదని సంతకం పెట్టలేడు. ఆ సంతకం లేనిదే బాండ్లు కొనేవాడు ఉండడు. బాండ్ల డబ్బు రాకపోతే స్తంభం లేవదు. కోర్టు ఖర్చులకు ఊరి ఖజానా కరిగిపోతుంది, జనంలో వేడి చల్లారుతుంది. 1945 నుంచి 1970 దాకా పన్నెండు ఊళ్లలో ఈ ప్రయత్నం జరిగితే ఒడ్డెక్కినవి మూడే. కోల్మన్, అరోరా అనే రెండు ఊళ్లకు వేరే లైను అందుబాటులో ఉంది. అది లేని ఎల్బో లేక్ తన జనరేటర్లు తానే పెట్టుకుంది. ఇంత చిన్న ఊరు ఒంటరి జనరేటర్ల మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది? మరమ్మతుకు ఆగితే ఇచ్చే దిక్కు ఉండాలి. ఫెడరల్ పవర్ కమిషన్‌ను ఆశ్రయించి, కంపెనీ లైనుతో కలపమని ఉత్తర్వు తెచ్చుకుంది.

చివరికి అమెరికా ప్రభుత్వమే గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కంపెనీ మీద కేసు పెట్టింది. 1973 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఊళ్ల పక్షాన తీర్పు చెప్పింది. రాసింది జస్టిస్ విలియం డగ్లస్. యాకిమా అనే చిన్న పట్నంలో పెరిగి, 1930ల చివర హోల్డింగ్ కంపెనీలను అదుపు చేసే సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి. లైను నీదే కావచ్చు, దాన్ని అడ్డం పెట్టుకుని పోటీని చంపే హక్కు మాత్రం నీకు లేదన్నది ఆ తీర్పు సారం. మోసే బాధ్యతను 1935లో చట్టసభే వద్దనుకుందని మైనారిటీ జడ్జీలు వాదించారు. ఆ వాదనలోనూ బలముంది. ఆ లొసుగును చట్టం పూడ్చడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1992 చట్టం, 1996లో కేంద్ర కమిషన్ ఉత్తర్వు పెద్ద లైన్లను అందరికీ తెరిచాయి. మన దేశంలో 2003 విద్యుత్ చట్టం ఓపెన్ యాక్సెస్ పేరుతో తెచ్చిందీ ఆ ఆలోచననే.

నేను ఈ వృత్తిలోకి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. అందులోంచి నడవడానికి కాగితాలు కావాలి, వాటిని చదివే మనిషి కావాలి. కరెంటు కొనే ఒప్పందం ఇరవై ముప్పై ఏళ్లకు కుదురుతుంది. ఒక్క వాక్యం తప్పితే ఒక తరం బిల్లు కడుతుంది. ఒకసారి ఒక ఊరికి వచ్చిన ట్రాన్స్‌మిషన్ బిల్లులో ఒకే మీటరు రెండుసార్లు లెక్కకొచ్చింది. కనిపెట్టింది ఆ ఊరి లైన్‌మన్. స్తంభం నంబరు, మీటరు నంబరు పెన్సిలుతో చిన్న నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు ఆయనది. ఆ పుస్తకం నా బల్ల మీద పెట్టి, "ఈ మీటరు మాకు ఒకటే ఉందమ్మా" అన్నాడు. మూడు నెలలు ఉత్తరాలు రాశాం, డబ్బు వెనక్కి వచ్చింది. మర్నాటి మీటింగులో ఆ మొత్తాన్ని చదివి వినిపిస్తుంటే వెనక వరసలో ఒక ముసలి రైతు లేచి నిలబడి విన్నాడు. అది తన సొమ్మని ఆయనకు తెలుసు. ఊరి సంస్థ అంటే ఇదేనని నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

ఇలాంటి ప్రజా సంస్థలు అమెరికాలో ఈనాటికీ సుమారు రెండు వేలున్నాయి. మినెసోటాకు వచ్చిన కొత్తలో ఇవి నాకు కొత్తగా అనిపించలేదు. సిరిసిల్లలో సెస్ అనే కరెంటు సహకార సంఘానికి బిల్లు కట్టి పెరిగినదాన్ని. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ పుట్టాక, అమెరికా రైతు సహకార సంఘాల అనుభవం తోడుగా దేశంలో అయిదు చోట్ల ప్రయోగంగా కరెంటు సహకార సంఘాలు పెట్టారు. వాటిలో ఒకటి మాది. మా బాపు ఓటేసి సెస్ డైరెక్టర్లను ఎన్నుకునేవాడు. నోరిస్ కాలం నాటి రైతులు నాటిన మొక్క కొమ్మే మా వీధి స్తంభమని నాకు లా కాలేజీలో చదివేదాకా తెలియదు.

పెద్దమ్మా, సెస్ స్తంభాలు మనవే, తీగలు మనవే. కరెంటు మాత్రం బయట కొని, బయటి లైన్ల మీద తెచ్చుకోవాలి. అది ఏ రేటుకు వస్తుంది, ఏ దారిన వస్తుంది, ఆ దారి మూసే హక్కు ఎవరికైనా ఉందా అన్నది ఎక్కడో ఒక కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితం కోసం ఎల్బో లేక్ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. దాన్ని ఊరి తరఫున చదవడానికే కరెంటోళ్లకు వకీలు కావాలి.