బ్రేకు ప్యాడ్ల మార్పిడి

డిస్కు బ్రేకులున్న కారులో అరిగిన ప్యాడ్లను తీసి కొత్తవి అమర్చడం మామూలు పనిముట్లతో ఇంటి వాకిట్లోనే చేసుకోదగిన మరమ్మతు. భారతదేశంలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకే డిస్కులుంటాయి. వెనుక డ్రమ్ములు, వాటిలో బ్రేకు షూలు ఉంటాయి. అందువల్ల ఇక్కడి వివరణ ముఖ్యంగా ముందు చక్రాలకు, అందులోనూ ఒకే పిస్టన్ ఉన్న జారుడు కాలిపర్లకు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలకు) వర్తిస్తుంది.

చరిత్ర

డిస్కు బ్రేకుకు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. దీన్ని మొదట వాడిన ఉత్పత్తి కారు ఏదన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో క్రాస్లీ సంస్థ 1949 ప్రాంతంలో వాడింది గానీ, తుప్పు సమస్యల వల్ల త్వరలోనే మానుకుంది. కనుక నిలదొక్కుకున్న ఆరంభంగా 1955 నాటి సిట్రోయెన్ డిఎస్‌ను తీసుకోవడం సబబు. అంతకు ముందే, 1953 లీ మాన్ పందెంలో డన్‌లప్ డిస్కులున్న జాగ్వార్ సి-టైప్ గెలవడంతో ఈ పద్ధతికి పేరొచ్చింది.

అన్నూరు ప్రాంతం

బ్రేకులు త్వరగా అరిగే ఘాట్ దారులకు దగ్గరి ఊరికి ఒక ఉదాహరణ తమిళనాడులోని అన్నూరు. కోయంబత్తూరుకు ఈశాన్యంగా సుమారు 30 కి.మీ. దూరంలో ఉన్న ఈ ఊరు సత్యమంగలం దారికి, అవినాశి–మేట్టుపాళయం దారికి కూడలి. కొంగునాట, అంటే కోయంబత్తూరు పరిసర ప్రాంతంలో, పాత తెలుగు కుటుంబాలున్న ఊళ్లలో ఇదొకటి.

కోయంబత్తూరు తెలుగువారిలో మోటారు పనికి పేరు తెచ్చిన వ్యక్తి జి.డి. నాయుడు (1893–1974). కలంగల్‌లో పుట్టిన ఆయన, యువకుడిగా ఒక మోటారు సైకిలు కొని, దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించి యంత్రాల సంగతి తెలుసుకున్నాడని చెబుతారు. 1920లో పొళ్ళాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టి, దాన్ని యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెంచాడు.

అన్నూరు బళ్లకు ఘాట్లు దగ్గర. సత్యమంగలం దాటాక దింబం ఘాట్‌లో 27 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. మేట్టుపాళయం దాటితే కూనూరు, ఊటీ ఘాట్ వస్తుంది. టన్ను బరువున్న కారు 1,500 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు సుమారు 1.47 కోట్ల జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. తక్కువ గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజనే భరిస్తుంది. ఊరికే బ్రేకు తొక్కుతూ దిగితే భారమంతా ప్యాడ్ల మీద, డిస్కుల మీద పడుతుంది.

అరుగుదల గుర్తులు

కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. అది 3 మి.మీ.కు తగ్గితే మార్చడం మంచిది. చాలా ప్యాడ్లకు ఒక సన్నని లోహపు రేకు ఉంటుంది. ప్యాడు అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. కీచు పోయి గరగర మొదలైతే వెనుక పలకే డిస్కును కోస్తోందని అర్థం. బ్రేకు ఆయిల్ మట్టం నెమ్మదిగా తగ్గడం కూడా అరుగుదలకు గుర్తు కావచ్చు, లీకుకూ కావచ్చు. ప్యాడ్ల ఆయువు 30,000 నుంచి 50,000 కి.మీ. అని తరచు చెప్పే లెక్క ఉజ్జాయింపే. కిలోమీటర్ల కంటే మందాన్ని చూసి నిర్ణయించడమే నమ్మదగినది.

పని క్రమం

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, తర్వాత జాకీతో లేపి, స్టాండు మీద ఆనించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకొని పనిచేయడం ప్రాణాపాయం.

చక్రం తీశాక కాలిపర్ కింది బోల్టు విప్పి, కాలిపర్‌ను పైకి తిప్పితే ప్యాడ్లు బయటికొస్తాయి. కొన్ని మోడళ్లలో రెండు బోల్టులూ విప్పాలి. అప్పుడు కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వక తీగతో కట్టాలి. బ్రేకు దుమ్మును నోటితో గానీ గాలిగొట్టంతో గానీ ఊదకూడదు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి. డిస్కు కనీస మందం సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది. అంతకు తగ్గితే డిస్కునూ మార్చాలి.

పాత ప్యాడును పిస్టన్‌కు అడ్డుపెట్టి, సి-క్లాంపుతో పిస్టన్‌ను నెమ్మదిగా లోపలికి నెట్టాలి. ఆ సమయంలో బ్రేకు ఆయిల్ రిజర్వాయరు పొంగకుండా కనిపెట్టాలి, ఎందుకంటే బ్రేకు ఆయిల్ పడితే పెయింటు పాడవుతుంది. జారుడు పిన్నులను శుభ్రపరచి, బ్రేకులకు తగిన సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి; ప్యాడు ముఖానికి, డిస్కుకు చుక్క గ్రీజు కూడా తగలరాదు. కొత్త ప్యాడ్లు అమర్చాక బోల్టులను కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాలి. ఒక చక్రానికి మారిస్తే ఎదుటి చక్రానికీ తప్పక మార్చాలి.

బండి కదలకముందే పెడల్ గట్టిపడే దాకా పదేపదే తొక్కాలి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కనుక మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు. ఈ ఒక్క మెట్టు మరచినా ప్రమాదమే.

భిన్నాభిప్రాయాలు

పిస్టన్‌ను నెట్టేటప్పుడు కాలిపర్ నుంచి ఆయిల్‌ను, గాలిని బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ తెరవాలా వద్దా అన్నది వివాదం. మురికి ఆయిల్ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) భాగాల్లోకి పోకుండా తెరవాలని కొందరంటారు. తెరిస్తే గాలి చొరబడుతుందని మరికొందరు. ఆయిల్‌ను సుమారు రెండేళ్లకోసారి మారుస్తున్న బండికి తెరవకుండా నెమ్మదిగా నెట్టడమే తేలిక, సురక్షితం. ఆయిల్ మార్చడం ఎందుకంటే, డాట్ 3, డాట్ 4 రకాల బ్రేకు ఆయిళ్లు తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ చేరాక 155 డిగ్రీలు. ఘాట్‌లో పెడల్ మెత్తబడడానికి ఇదొక కారణం.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేసే పద్ధతిపైనా తయారీదారుల సూచనలు వేర్వేరు. ఖాళీ రోడ్డులో మధ్యస్థ వేగం నుంచి, పూర్తిగా ఆపకుండా, నెమ్మదిగా కొన్ని సార్లు బ్రేకు వేసి, మధ్యలో చల్లారనివ్వడం అన్నిటికీ ఉమ్మడి సారం. ఆ తర్వాతే ఘాట్ ఎక్కాలి.

హద్దులు

వెనుక చక్రాలకు డిస్కులు, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న కార్లలో పిస్టన్‌ను వెనక్కి పంపడానికి సాధారణంగా స్కానర్ పరికరం కావాలి. హ్యాండ్ బ్రేకు యంత్రాంగం కాలిపర్‌లోనే ఉన్నచోట పిస్టన్‌ను నెట్టడం కాదు, తిప్పాలి. ఆయిల్ కారుతున్నా, పిస్టన్ బిగుసుకుపోయినా, డిస్కు చీలినా, పని ముగిశాక పెడల్ మెత్తగానే ఉన్నా, బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.