ఫొటోలు తీసే ఆర్సీ విమానం: శ్రీహరికోట తీరం

నేల మీద నిలబడి రేడియో ట్రాన్స్‌మిటర్‌తో నడుపుతూ, పొట్టలో బిగించిన కెమెరాతో కింది నేలను ఫొటోలు తీసే రెక్కల ఆర్సీ (రేడియో కంట్రోల్) నమూనా విమానం ఇది. నాలుగు పంకాల డ్రోన్ గాలిలో ఆగి తీయగలదు. కానీ ఉన్న బ్యాటరీ అంతా తన బరువును మోసుకోవడానికే ఖర్చు పెడుతుంది. రెక్కల విమానానికి ఆ మోత రెక్కే చూసుకుంటుంది కాబట్టి అంతే బ్యాటరీతో చాలా ఎక్కువ నేలను చుట్టి వస్తుంది. పొడవాటి తీరం, పొలాలు, చెరువులు తీయాలంటే ఇదే నయం. పెళ్లి ఊరేగింపు తీయాలంటే మాత్రం దీన్ని ముట్టుకోకపోవడం మంచిది.

శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ద్వీపం. గతంలో నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్ రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. రాకెట్ల ఊరుగా పేరుపడ్డ ఈ చోటు నుంచి రెక్కలున్న వాహనం కూడా ఒకటి ఎగిరింది. 2016 మే 23 ఉదయం ఇస్రో ప్రయోగించిన ఆర్‌ఎల్‌వీ-టీడీ బరువు 1.75 టన్నులు, పొడవు 6.5 మీటర్లు. ఘన ఇంధన బూస్టర్ మీద సుమారు 65 కి.మీ. ఎత్తుకు వెళ్లి, శ్రీహరికోటకు 450 కి.మీ. దూరాన సముద్రంలో దిగింది. మొత్తం ప్రయాణం 770 సెకన్లు. ముందుముందు కట్టబోయే, మళ్లీ మళ్లీ వాడుకోగల పెద్ద వాహనానికి అది చిన్న నమూనా. అయితే దాన్ని కింద నుంచి ఎవరూ స్టిక్కులు కదిపి నడపలేదు, దారి చూసుకున్నది లోపలి కంప్యూటరే.

ఎక్కడ ఎగరేయవచ్చు

ద్వీపం మీద సొంత విమానం ఎగరేసే మాటే లేదు. అక్కడి ఇస్రో అంతరిక్ష కేంద్రం కేంద్ర బలగాల కాపలాలో ఉంటుంది, ప్రయోగం రోజుల్లో చుట్టుపక్కల గగనతలాన్ని కూడా మూసేస్తారు. సరస్సు పక్షుల అభయారణ్యం కావడంతో అక్కడ అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. కాబట్టి మామూలు అభిరుచి గలవాళ్లకు మిగిలేది సూళ్లూరుపేటకు ఇవతల, లోపలి వైపు పొలాలే. అదీ పొలం యజమాని ఒప్పుకుని, డ్రోన్ల కోసం కేంద్రం విడుదల చేసిన గగనతల పటంలో ఆ చోటు ఆకుపచ్చగా ఉంటేనే.

ఆ పటం 2021 సెప్టెంబరు 24న వచ్చింది. అంతకు నెల ముందు, ఆగస్టు 25న డ్రోన్ నియమాలు అమల్లోకి వచ్చాయి. చదువు, పరిశోధన, సరదా కోసం కంటికి కనిపించేంత దూరంలో ఎగిరే 25 కిలోల లోపు వాటిని ఈ నియమాలు నమూనా విమానాలుగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయించాయి. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నవి మైక్రో తరగతి. వ్యాపారానికి కాకుండా వీటిని నడిపేవాళ్లకు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా వెళ్లవచ్చు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కి.మీ. మధ్యలో ఆ హద్దు 200 అడుగులే. ఎరుపు ప్రాంతానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విమానం బరువును 2 కిలోల లోపే ఉంచడానికి ఇంతకంటే మంచి కారణం అవసరం లేదు.

ఫొటో నుంచి విమానానికి

కొత్తగా కట్టేవాళ్లు ముందు అందమైన విమానం ఎంచుకుని, తర్వాత కెమెరాకు చోటు వెతుకుతారు. లెక్క మొదలుపెట్టాల్సింది ఫొటో దగ్గర. 4000 × 3000 పిక్సెళ్లు, 6.17 మి.మీ. వెడల్పు సెన్సర్, 4.3 మి.మీ. లెన్సు ఉన్న చిన్న కెమెరాను 100 మీటర్ల ఎత్తుకు తీసుకెళితే ఒక్కో పిక్సెల్‌లో నేల మీది 3.6 సెం.మీ. పడుతుంది. ఒక ఫొటోలో సుమారు 143 మీటర్ల వెడల్పు, 107 మీటర్ల పొడవు నేల వస్తుంది. ఫొటోలన్నిటినీ కలిపి పటంగా కుట్టాలంటే వరసగా వచ్చే రెండిటిలో నాలుగింట మూడొంతులు ఒకటే నేల కనపడాలి. అంటే 27 మీటర్లకు ఒక ఫొటో. విమానం సెకనుకు 12 మీటర్లు పోతుంటే రెండు సెకన్లకొకసారి క్లిక్కుమనాలి.

షట్టర్ సంగతీ ఇక్కడే తేలుతుంది. సెకనులో 250వ వంతు తెరిచి ఉంచితే ఆలోగా విమానం 4.8 సెం.మీ. జరుగుతుంది, ఒక పిక్సెల్ దాటిపోయి అంచులు అలుక్కుపోతాయి. వెయ్యో వంతు అయితే 1.2 సెం.మీ., పరవాలేదు. ఎండ బాగా ఉండే ఈ తీరంలో వెయ్యో వంతు పెట్టడం కష్టం కాదు.

ఈ పనికి తగ్గ విమానం వేగంగా పోయేది కాదు. రెక్క 1.6 మీటర్ల పొడవు, 22 సెం.మీ. వెడల్పు, కెమెరాతో కలిపి బరువు 1.3 కిలోలు అనుకుంటే, సెకనుకు 7 మీటర్లకు తగ్గేదాకా అది కూలబడకుండా ఎగురుతుంది. మోటారును వెనక పెట్టి ప్రొపెల్లర్‌తో నెట్టించే పద్ధతి మేలు. ఫొటోల్లో పంకా రెక్కలు పడవు, బోర్లా దిగినప్పుడు మోటారుకు దెబ్బ తగలదు. బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర, అంటే ఇక్కడ 5.5 నుంచి 6.6 సెం.మీ. మధ్య ఉండాలి. ఆ చోట రెండు చూపుడువేళ్ల మీద రెక్కను ఆనించి లేపితే విమానం ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. తోక కిందికి పోతే ఎగరేయకూడదు. కెమెరాను సరిగ్గా ఈ కేంద్రం కిందే పెడితే, అది ఉన్నా లేకున్నా విమానం ఒకేలా ఎగురుతుంది.

మనవాళ్లు థర్మోకోల్‌తో మొదలుపెడతారు గానీ అది గింజలు గింజలుగా రాలిపోతుంది. ఈపీపీ, ఈపీఓ అనే సాగే నురుగు పలకలు దెబ్బకు ఓర్చుకుంటాయి. రెక్క లోపల కార్బన్ గొట్టం పెడితే వంగదు. మోటారు వేగాన్ని ఈఎస్‌సీ, కదిలే అంచులను సర్వోలు చూసుకుంటాయి. రేడియో 2.4 గిగాహెర్ట్జ్ మీద, మన దేశంలో లైసెన్సు అక్కర్లేని పట్టీ ఇది. సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేల మీదే ట్రాన్స్‌మిటర్ ఆపి చూసుకోవాలి. మూడు సెల్లుల లైపో బ్యాటరీ, 4000 మిల్లీయాంప్ అవర్లది, అరగంట దాకా వస్తుంది. ఎండలో మూసిన కారులో దాన్ని వదిలేయకూడదు, ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా.

గాలి, ఉప్పు, పక్షులు

కోస్తాలో పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలి ఉంటే, 12 మీటర్ల వేగంతో పోయే విమానం ఎదురుగాలిలో నేల మీద 6 మీటర్లే కదులుతుంది, గాలివాటున 18 మీటర్లు దూసుకుపోతుంది. రెండు సెకన్ల క్లిక్కుకు అటు వైపు 36 మీటర్ల ఎడం వచ్చి, 27 మీటర్ల లెక్క తప్పుతుంది. గాలికి అడ్డంగా వరసలు పోనిస్తే వేగం సమానంగా ఉంటుంది గానీ విమానం ఏటవాలుగా పోతుంది, ఫొటోలు వంకరగా పడతాయి. పొద్దున్నే ఎగరేస్తే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబారతాయి, మోటారు బేరింగులు కరకరమంటాయి. ఇంటికి రాగానే తుడిచి ఒక చుక్క నూనె వేయాలి.

అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్‌కు రాజహంసలు వస్తాయి, దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెడతాయి. పక్షుల గుంపు ఒక్కసారి లేచిందంటే విమానం తప్పుకోలేదు. వాటి మేత పాడుచేసి తెచ్చిన ఫొటోకు విలువ కట్టడం నాకు చేతకాదు. 

కుట్టడం

దిగిన తర్వాత ఫొటోలను ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, రెండేసి ఫొటోల్లో ఒకే గుర్తులను పోల్చి పటంగా కలుపుతుంది. గట్లు, చెట్లు, బాటలు ఉన్న పొలం ఫొటోలు చక్కగా కలిసిపోతాయి. సర్వి తోట తడబెడుతుంది, ఎందుకంటే చెట్లన్నీ ఒకేలా ఉండి గాలికి ఊగుతుంటాయి. చెరువు నీటి నడిమి భాగం అసలు కుదరదు. అలల మీద మెరుపు ఫొటో ఫొటోకూ మారిపోతుంది కాబట్టి పోల్చడానికి గుర్తే దొరకదు. అలాంటి చోట ప్రతి వరసలోనూ కాస్త ఒడ్డు పడేలా విమానాన్ని నడుపుతారు, లేదంటే నీటి ఫొటోలను జీపీఎస్ గుర్తులతో విడివిడిగానే దాచుకుంటారు.