శిశు వికాస విద్య: చదువుకు అనుమతి వేరు.. కొలువుకు వేరు

గుంటూరు: భర్త ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాకు తరలివెళ్లిన మన జిల్లాల పట్టభద్రులు పలువురు అక్కడి కమ్యూనిటీ కళాశాలల వైపు చూస్తుంటారు. తక్కువ రుసుముతో, ప్రవేశ పరీక్ష లేకుండా అభ్యసించదగిన వాటిలో శిశు వికాసం, కుటుంబ అధ్యయనాల కోర్సు ఒకటి. అయితే అక్కడ చదువుకునే హక్కు ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేసే హక్కు లభించదు. ఈ భేదాన్ని ముందుగానే గ్రహించడం అవసరం.

బోధనాంశాలు

కమ్యూనిటీ కళాశాలలు రెండేళ్ల ప్రభుత్వ విద్యాసంస్థలు. కాలిఫోర్నియాలో ఇవి 116 ఉన్నాయి. 1935లో ఏర్పాటైన శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కళాశాలలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. శిశువు ఎదుగుదల, కుటుంబం-సమాజం, పాఠ్య ప్రణాళిక, పరిశీలన-అంచనా, ఆరోగ్యం-పోషణ, భిన్న సంస్కృతుల నడుమ బోధన వంటి అంశాలతో పాటు పసిపిల్లల తరగతిలో ప్రత్యక్ష శిక్షణ ఉంటుంది. ఇంట్లో పలికే మాతృభాష పిల్లల ఎదుగుదలకు ఆటంకం కాదని, ఆలంబనమని ఈ శాస్త్రం చెబుతుంది.

రుసుము

రాష్ట్ర నివాసులకు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లు. మూడు యూనిట్ల చొప్పున నాలుగు సబ్జెక్టులు, అంటే 12 యూనిట్లకు 552 డాలర్లు అవుతుంది. పుస్తకాలు, ఇతర రుసుములు అదనం. నివాసేతరులు దీనికి పలు రెట్లు చెల్లించాలి. హెచ్-4 వీసాదారులు రాష్ట్రంలో ఒక సంవత్సరం ఒక రోజు నివసించి, స్థిరనివాస ఉద్దేశాన్ని పత్రాలతో నిరూపిస్తే నివాసులుగా గుర్తింపు పొందవచ్చు. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థులకు సాధారణంగా ఈ వెసులుబాటు లేదు.

అర్హతలు

లైసెన్సు పొందిన ప్రీస్కూలులో పూర్తి అర్హత గల ఉపాధ్యాయురాలికి నిర్దేశిత అంశాలలో 12 సెమిస్టర్ యూనిట్లు, ఆరు నెలల అనుభవం ఉండాలి. ఆరు యూనిట్లతోనూ చేరవచ్చు. మిగిలినవి కొనసాగిస్తూ పూర్తిచేయాలి. వేలిముద్రల తనిఖీ, నిర్ణీత టీకాలు తప్పనిసరి. ప్రభుత్వ పాఠశాలల్లో నాలుగేళ్ల పిల్లలకు నిర్వహించే ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్‌లో బోధించాలంటే ఈ యూనిట్లు మాత్రమే చాలవు. టీచింగ్ క్రెడెన్షియల్ ఉండాలి.

అసలు చిక్కు

హెచ్-4 వీసాపై చదువుకు అభ్యంతరం లేదు. జీతానికి పనిచేయాలంటే మాత్రం ఉద్యోగ అనుమతి పత్రం కావాలి. 2015లో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, హెచ్-1బి గల జీవిత భాగస్వామికి ఐ-140 ఆమోదం లభించినా, లేదా ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు లభించినా దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. పత్రం చేతికి రాకమునుపే కొలువులో చేరితే వీసాకే ముప్పు.

చేరేముందు...

నివాస గుర్తింపు ఎప్పటి నుంచి వర్తిస్తుందో కళాశాల ప్రవేశాల కార్యాలయంలో అడగాలి. మన విశ్వవిద్యాలయ పట్టాను గుర్తింపు పొందిన సంస్థచేత మూల్యాంకనం చేయించుకోవాలి. ఉద్యోగ అనుమతికి అర్హత ఎప్పుడు లభిస్తుందో వలస వ్యవహారాల న్యాయవాదిని సంప్రదించి తెలుసుకోవాలి. అనుమతి ఆలస్యమైనా పూర్తిచేసిన యూనిట్లు కళాశాల రికార్డులో నిలిచి ఉంటాయి. ఆ జ్ఞానం అంతవరకు సొంత బిడ్డల పెంపకానికైనా అక్కరకు వస్తుంది.