అమ్మ పళ్ళకు పట్టింది గార కాదు

పోయిన వేసవిలో మా అబ్బాయి పళ్ళకు క్లిప్పులు పెట్టించాం. వాడికి 12 ఏళ్ళు. ఆ రోజు మా అమ్మ కూడా మాతో వచ్చింది. క్లిప్పులు పెట్టడం అయిపోయాక అక్కడ పనిచేసే ఒకావిడ వాడికి జాగ్రత్తలు చెప్పింది. క్లిప్పుల చుట్టూ తిండి ఇరుక్కుంటుందట. సరిగ్గా తోముకోకపోతే పళ్ళ మీద తెల్లమచ్చలు పడతాయట. తర్వాత ఆవిడ మా అమ్మ వైపు చూసి నవ్వుతూ, "తోముకోకపోతే ఏమవుతుందో మీ అమ్మమ్మను అడుగు" అంది.

మా అమ్మకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. ఏమీ అనలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. మా ఇంట్లో ఏ ఫోటోలోనూ అమ్మ నోరు తెరిచి నవ్వదు. ఆవిడను ఏమనాలో నాకు తెలియలేదు, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అదే మాట అన్నాను. నాకు 9 ఏళ్ళప్పుడు, నా స్నేహితుల ముందే, "నువ్వు చిన్నప్పుడు పళ్ళు తోముకునేదానివి కాదా?" అని అడిగాను. అమ్మ ఒకటే చెప్పింది: "తోమిన బిడ్డా. మా ఊర్ల నీళ్ళే గట్ల."

నేను నమ్మలేదు. నీళ్ళు పళ్ళను ఎలా పాడుచేస్తాయి? ఈ వ్యాసం ఆ జవాబు గురించి. అమ్మ చెప్పింది నిజం. అది నిజమని తేల్చడానికి డాక్టర్లకు 30 ఏళ్ళు పట్టింది.

ముందు ఒక మాట

నాలాగే తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళ కోసం చిన్న వివరం. ఒకటైతే "పన్ను", ఎక్కువైతే "పళ్ళు". మా అమ్మది నల్గొండ జిల్లా, మర్రిగూడ దగ్గర ఒక ఊరు. అక్కడ "పండ్లు" అంటారు. అంటే తినే పండ్లకూ నోట్లో పండ్లకూ ఒకటే మాట! నొప్పి వచ్చినప్పుడు మాత్రం "పన్ను నొప్పి" అనవచ్చు, "పంటి నొప్పి" అనవచ్చు. ప్రభుత్వానికి కట్టేది కూడా పన్నే. "పన్ను పీకించుకున్నాడు" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నేను ఆదాయపు పన్ను గురించి అనుకున్నాను.

ఇంకో మాట "గార". పళ్ళ మీద పేరుకునే పసుపుపచ్చని మురికి అది. ఈ వ్యాసంలో మొదట నేను "అమ్మ గార పళ్ళు" అని రాశాను. అమ్మ చదివి దిద్దింది: "గార గాదు బిడ్డా. గారయితే గీకితే వోతది. ఇది వోదు." ఈ విషయం మీద ఇంతకన్నా సూటి వాక్యం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ రంగు పంటి పైన లేదు, పంటి లోపల ఉంది.

కొలరాడో పిల్లలు

ఈ సంగతిని మొదట పట్టించుకున్న డాక్టర్ నల్గొండలో లేడు, అమెరికాలో ఉన్నాడు. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే కుర్ర పళ్ళ డాక్టరు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి వచ్చాడు. అక్కడే పుట్టి పెరిగిన చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూశాడు. కొందరి పళ్ళు చాక్లెట్ రంగులో ఉండేవి. ఏ పుస్తకంలోనూ ఆ జబ్బు లేదు. ఊళ్ళోవాళ్ళు రకరకాల కారణాలు చెప్పేవారు. పందిమాంసం ఎక్కువ తినడం వల్ల అని కొందరు, పాలు మంచివి కాకపోవడం వల్ల అని కొందరు.

అప్పట్లో అమెరికాలో పళ్ళ వైద్యంలో పెద్ద పేరు జి.వి. బ్లాక్. ఆయన 1909లో వచ్చి మెక్‌కేతో కలిసి పనిచేశాడు. అక్కడే పుట్టిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి ఆ మరకలు ఉన్నాయని తేలింది. వాళ్ళిద్దరూ రెండు సంగతులు గమనించారు. ఒకటి: మంచి పళ్ళు పూర్తిగా వచ్చేశాక ఆ ఊరికి వచ్చిన పెద్దవాళ్ళకు మరకలు పడటం లేదు. అంటే పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఏదో జరుగుతోంది. రెండు: మరకలున్న ఈ పళ్ళు ఆశ్చర్యంగా తొందరగా పుచ్చిపోవడం లేదు.

బ్లాక్ 1915లో చనిపోయాడు. మెక్‌కే వెతుకుతూనే ఉన్నాడు. 1923లో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే ఊరికి వెళ్ళాడు. ఒక వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేశాకే పిల్లల పళ్ళకు మరకలు వచ్చాయని అక్కడి తల్లిదండ్రులు చెప్పారు. మెక్‌కే ఆ నీళ్ళు మానెయ్యమన్నాడు. వాళ్ళు వేరే ఊట నీళ్ళు తెచ్చుకున్నారు. కొన్నేళ్ళలో చిన్నపిల్లలకు కొత్త పళ్ళు మరకలు లేకుండా వచ్చాయి.

నీళ్ళే కారణమని తెలిసింది. నీళ్ళలో ఏముందో తెలియలేదు. ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు ఉంది. అల్యూమినియం కంపెనీ అల్కోవా కట్టిన ఊరు అది. అక్కడి పిల్లలకూ ఇవే మరకలు. కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ ఆ నీళ్ళను కొత్త పద్ధతిలో పరీక్షించి, 1931లో మెక్‌కేకు ఉత్తరం రాశాడు. నీళ్ళలో ఎవరూ ఊహించనంత ఫ్లోరైడ్ ఉంది. 1901 నుంచి 1931 దాకా, 30 ఏళ్ళు.

నెల్లూరు, నల్గొండ

తెలుగు నేలకు ఈ సంగతి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని రాశారు. వాళ్ళు చూసింది నెల్లూరు జిల్లాలో. ఇప్పుడు ఫ్లోరైడ్ అంటే గుర్తొచ్చే కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. వాళ్ళు చూసింది పళ్ళ మరకలు మాత్రమే కాదు, బిగుసుకుపోయిన ఎముకలు కూడా.

1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే డాక్టరు నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి వ్యాసం రాశాడు. ఈ సంవత్సరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మ 1960లో పుట్టింది. అమ్మ పుట్టడానికి 5 ఏళ్ళ ముందే, లండన్‌లో అచ్చయిన పత్రికలో, అమ్మ పుట్టబోయే జిల్లా పేరుతో ఆ జబ్బు గురించి రాసి ఉంది. అయినా అమ్మ ఊరి బావి నీళ్ళే తాగి పెరిగింది. వేరే నీళ్ళు లేవు.

నల్గొండ నేల కింద గ్రానైట్ రాయి ఉంది. ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్ళు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. వానలు తక్కువ, అందరూ భూమిలోంచి తోడుకోవాల్సి వచ్చేది. తర్వాత లోతైన బోర్లు వచ్చాయి.

అమ్మ 22 ఏళ్ళకు పెళ్ళయి అమెరికా వచ్చేసింది. ఆమెకు పళ్ళతో పోయింది. మా పెద్దమామ ఊళ్ళోనే ఉండిపోయాడు. 50 ఏళ్ళకే ఆయన మెడ తిరిగేది కాదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. చిన్నప్పుడు నాకు అది ఆటలా అనిపించి పదేపదే పిలిచేదాన్ని. ఆయన ప్రతిసారీ తిరిగేవాడు.

పటిక, సున్నం, ఓటు

1970లలో నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారుచేసింది. నీళ్ళలో పటిక, సున్నం కలపాలి, కాసేపు నెమ్మదిగా తిప్పాలి. ఫ్లోరైడ్ తెట్టెలా కట్టి అడుక్కు దిగుతుంది. పైనున్న నీళ్ళు వడకట్టి తాగాలి. క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. దీని పేరు "నల్గొండ పద్ధతి". ఇథియోపియాలో, టాంజానియాలో కూడా దీన్ని వాడారు. కానీ రోజూ సరిగ్గా కొలిచి కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారెయ్యాలి. ఇది ఊరూరా ఏళ్ళ తరబడి సాగే పని కాదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. తాగునీళ్ళ కోసం, సాగునీళ్ళ కోసం జనం చేసిన నిరసన అది. ఇన్ని పేర్లతో బ్యాలెట్ పేపర్ ఎలా అచ్చు వేయాలో అధికారులకు తలనొప్పి అయింది. అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థులు కట్టే డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. డిపాజిట్టు తొందరగానే పెరిగింది. నీళ్ళకు ఇంకా సమయం పట్టింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులతో కృష్ణా నీళ్ళు మా అమ్మ ఊరికి వచ్చాయి. మా పెద్దమామ అప్పటికి లేడు.

అదే ఫ్లోరైడ్, ఇంకో ఊరు

మేము ఉండేది మిషిగన్‌లో. మా రాష్ట్రంలోనే గ్రాండ్ రాపిడ్స్ అనే నగరం ఉంది. మరకలున్న పళ్ళు తొందరగా పుచ్చవని మెక్‌కే, బ్లాక్ గమనించారు కదా. ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ పళ్ళ డాక్టరు ఆ దారిలోనే వెళ్ళాడు. మరకలు పడనంత కొంచెం ఫ్లోరైడ్ ఉంటే పళ్ళకు మేలేనా అని ఎన్నో ఊళ్ళ నీళ్ళు కొలిచాడు. 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ తన నీళ్ళలో కావాలని ఫ్లోరైడ్ కలిపింది. ప్రపంచంలో ఈ పని చేసిన మొదటి నగరం అదే. 11 ఏళ్ళ తర్వాత చూస్తే, కలిపాక పుట్టిన పిల్లల్లో పుచ్చుపళ్ళు 60 శాతం పైగా తగ్గాయి.

ఒక ఊళ్ళో తీసెయ్యాల్సినదాన్ని ఇంకో ఊళ్ళో కలుపుతున్నారు. తేడా అంతా కొలతలో ఉంది. ఇప్పుడు అమెరికాలో కలిపేది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. నల్గొండలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న బావులు, బోర్లు ఉండేవి. ఆ 0.7 గురించి కూడా ఇక్కడ గొడవ ఉంది. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడం ఆపేశాయి.

కొలతలాగే వయసు కూడా ముఖ్యం. మంచి పళ్ళ పైపొర దాదాపు 8 ఏళ్ళలోపు తయారవుతుంది. అప్పుడు ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్తే మరక పడుతుంది. అందుకే 3 ఏళ్ళ లోపు పిల్లలకు టూత్‌పేస్టు బియ్యపుగింజంత, 6 ఏళ్ళ దాకా బఠానీగింజంత చాలు, ఉమ్మెయ్యడం నేర్పాలి అంటారు. మా అబ్బాయి క్లిప్పుల చుట్టూ పడే తెల్లమచ్చలు వేరు. అవి తోముకోకపోతే ఆమ్లం వల్ల వచ్చేవి. అక్కడ ఫ్లోరైడ్ పేస్టే కాపాడుతుంది. చూడటానికి రెండూ మచ్చలే. ఒకటి వాడి చేతిలో ఉంది. ఇంకొకటి అమ్మ చేతిలో ఎప్పుడూ లేదు.

క్లిప్పులు బిగించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు మావాడు ఆవిడకు ఈ కథంతా చెప్పాడు. నేను చెప్పమనలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

ఇంటికి వచ్చాక అమ్మకు కొలరాడో పిల్లల పళ్ళ పాత ఫోటో ఒకటి చూపించాను. 9 ఏళ్ళప్పుడు అడిగిన ప్రశ్నకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోటోను చాలాసేపు చూసింది.

"మరి ఈ పోరగాండ్లను ఎవ్వలన్న అడిగిండ్రా, పండ్లు తోమలేదా అని?"