నిప్పు ఇస్తాం, నోరు ఇవ్వం

సియాటిల్‌లో ఉంటున్న మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు వీకెండ్లలో గరాజ్‌లో లేత్ మీద చెక్క తిప్పుతుంటాడు. చేసేది బొమ్మలు కాదు, వేపరైజర్లకి మౌత్‌పీసులు. ఆకుని కాల్చకుండా సుమారు 200 డిగ్రీల దగ్గర వేడిచేసి, వచ్చే ఆవిరిని పీల్చే జేబు సైజు పరికరాలు అవి. వాషింగ్టన్ రాష్ట్రంలో 2012 ఓటింగు తర్వాత గంజాయి చట్టబద్ధం. ఇక్కడ కాదు, కాబట్టి నా ఆసక్తి ఆ చెక్కముక్క దగ్గరే ఆగింది. వేలెడు పొడుగు, మధ్యలో సన్నటి బెజ్జం, పెదవికి తగిలేచోట గాజులా నున్నగా ఉంటుంది. కంపెనీది ఉండగా ఇదెందుకురా అనడిగితే, "కంపెనీది అందరిదీ, ఇది నాదొక్కడిదే. పార్టీలో పరికరం చేతులు మారుతుంది, మౌత్‌పీస్ మాత్రం ఎవడిది వాడు జేబులోంచి తీస్తాడు" అన్నాడు.

ఆ మాటతో నాకు హుక్కా గుర్తొచ్చింది. తర్వాత మా తాతయ్య చుట్ట.

పొగాకు మొఘల్ దర్బారుకి చేరిన కథ చెప్పినవాడు అసద్ బేగ్. 1604-05 ప్రాంతంలో బీజాపూర్ నుంచి తిరిగొస్తూ అక్బరుకి కానుకగా పొగాకునీ, దాన్ని తాగే సరంజామానీ పట్టుకెళ్ళాడు. ఆ సరంజామా వర్ణన చదివితే మా వాడి గరాజే గుర్తొస్తుంది. సుమత్రాలోని ఆచే నుంచి వచ్చిన మూడు మూరల గొట్టం, రెండు కొసలా రత్నాలు, మీనాకారీ పని. దాని చివర కోడిగుడ్డు ఆకారంలో యెమెన్ అకీకు రాయితో మౌత్‌పీస్. ఆ రాయి గొట్టంతో పాటు వచ్చింది కాదు. అసద్ బేగ్‌కి విడిగా దొరికితే ముచ్చటపడి బిగించాడు. అంటే మన దేశంలో పొగాకు గురించిన తొలి కథల్లోనే కస్టమ్ మౌత్‌పీస్ ఉందన్నమాట. హకీములు వద్దంటున్నా అక్బర్ రెండు మూడు దమ్ములు లాగి చూశాడు. 1617లో జహంగీర్ పొగాకుని నిషేధించాడు. ఆ నిషేధం నిలబడలేదు.

ఆచేతో అప్పట్లో గట్టి వర్తకం ఉన్న రేవుల్లో మన బందరు ఒకటి. గోల్కొండ రాజ్యానికి అదే పెద్ద సముద్రద్వారం. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగారు. అద్దకం బట్టలు ఇక్కణ్ణించి సుమత్రాకి ఎలా వెళ్ళాయో, పొగాకు కూడా అలాగే సముద్రం దాటింది. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ పొగాకు ఎగుమతి గురించి రాశాడు. పొగాకు అమెరికా నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే మనవాళ్ళు దాన్ని బయటి దేశాలకి అమ్ముతున్నారు! తర్వాత్తర్వాత లండన్ దుకాణాల్లో 'మసూలిపటం' అన్నది ఒక రకం నశ్యానికి పేరు కూడా అయ్యింది.

హుక్కాలో పొగ నీళ్ళలోంచి వస్తుంది. నీళ్ళకుండ నుంచి పైకి లేచే గొట్టాల అమరికని నైచా అంటారు. నై అంటే పారశీకంలో రెల్లు. వీటిని తయారుచేసే నైచాబందులనే పనివాళ్ళు ఉత్తరాదిలో వేరేగా ఉండేవారు. నోటి దగ్గరి ముక్క పేరు మునాల్. హుక్కా ఒకటే, తాగేవాళ్ళు పదిమంది. అందుకే మునాల్‌కి అంత విలువ. 1789లో బెంగాల్లో తిరిగిన గ్రాంప్రే అనే ఫ్రెంచివాడు అక్కడి యూరోపియన్ల మర్యాద ఒకటి చెప్పాడు. ఒక దొరసాని ఎవరి హుక్కానైనా తాగడమంటే ఆ మగవాడికి దక్కిన గొప్ప గౌరవం. అప్పుడతను తన మునాల్ తీసేసి, కొత్తది బిగించి అందించాలి. హుక్కా పంచుకోవచ్చు, ఎంగిలి మాత్రం కూడదు. ఉత్తరాది పల్లెల్లో కులం నుంచి వెలేస్తే 'హుక్కా-పానీ బంద్' అంటారు. ఎవరితో కలిసి పొగ తాగుతావో వాళ్ళే నీవాళ్ళు.

మరి మన డెల్టాలో? మాది గుడివాడ దగ్గర పల్లె. మా ఊళ్ళో హుక్కా నేను చూడలేదు, అందరివీ చుట్టలే. చుట్టకి మౌత్‌పీస్ అక్కర్లేదు, ఆకే గొట్టం. ఎవరిది వాళ్ళు చుట్టుకుంటారు, వాళ్ళే తాగుతారు, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుంటారు. చెంబుని పెదవికి తగలకుండా ఎత్తిపోసుకునే జనానికి ఇంతకన్నా తగిన సాధనం ఏముంటుంది? మనం పంచుకున్నది నిప్పు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. నిప్పు ఎవరినైనా అడగొచ్చు. అడగడానికి సమయం సందర్భం కూడా చూసుకోనంత మామూలు సంగతి.

చాలాకాలం నేను దీన్ని మన సమానత్వానికి గుర్తు అనుకున్నాను. ఓసారి అమ్మతో అదే అన్నాను. అమ్మ నవ్వలేదు. "మీ తాతయ్య అగ్గిపెట్టె అందరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పాలేరు అడిగితే అరుగు మీద పడేసేవాడు. అతను తీసుకుని వెలిగించుకుని, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళేవాడు" అంది. నేను చూసిన దృశ్యమే అది. అరుగు మీద అగ్గిపెట్టె నాకు బాగా గుర్తు. అదక్కడ ఎందుకుండేదో అప్పుడు తెలిసింది. టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతికీ, ఆ అరుగుకీ తేడా లేదు. ఎంగిలి అనే మాటకి శుభ్రత ఒక అర్థం మాత్రమే. నీ నోరు నా నోటికి ఎంత దూరంలో ఉండాలో చెప్పే కొలబద్ద కూడా అదే.

ఉత్తరాంధ్రకి పోతే ఇంకో రకం చుట్ట ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళు, వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. రాళ్ళూ వెండీ తొడిగి పొగకీ పెదవికీ మధ్య దూరం పెంచిన చరిత్ర ఒకవైపు, నిప్పునే నోట్లో పెట్టుకున్నవాళ్ళు మరోవైపు. 1969లో అచ్చయిన ఒక పెద్ద వైద్య అధ్యయనం ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించింది. అందులో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ అంగిలిని ఎలా పాడుచేస్తుందో, అక్కడ క్యాన్సర్ ఎలా మొదలవుతుందో వైద్యులు ఆ ఊళ్ళ నుంచే నేర్చుకున్నారు. అసద్ బేగ్ అకీకు చరిత్రలో మిగిలింది. ఈ ఆడవాళ్ళు మాత్రం పట్టికల్లో అంకెలుగా మిగిలారు.

మొన్న మా వాడు మళ్ళీ ఫొటో పెట్టాడు. ఆరు మౌత్‌పీసులు, ఒక్కోదాని మీదా ఒక్కో స్నేహితుడి పేరులో మొదటి అక్షరం. "నీకేం చెక్క కావాలి? పెన్ను స్టాండులోనైనా పెట్టుకుందువు" అన్నాడు. పని నిజంగా అందంగా ఉంది, ఆ మాటే చెప్పాను. చెక్క సంగతి మాత్రం చెప్పలేదు. నాకా సమయానికి అరుగు మీద అగ్గిపెట్టె కనబడుతోంది.